బ్యాటరీ పడిపోతే కారు న్యూట్రల్‌లోకి ఎందుకు రాదు? లివర్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న తాళాల కథ

సంక్రాంతికి రాజమండ్రికో, కర్నూలుకో వెళ్లి పది పదిహేను రోజులకు బెంగళూరు తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు చాలామందికి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒక చికాకు ఎదురవుతుంది. రిమోట్ నొక్కితే కారు పలకదు. పలికినా, సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఆగిపోతుంది. మారతహళ్లి, కుందలహళ్లి, బెళ్లందూరు వైపు ఎన్నో భవనాల్లో ఒక కారు వెనక ఇంకో కారు పెట్టుకునే పార్కింగే ఉంటుంది. బయటివైపున్న కారు కదలకపోతే లోపలి కారు ఆయన ఆఫీసుకు వెళ్లలేడు. టోయింగ్ లారీని పిలుద్దామంటే బేస్‌మెంట్ పైకప్పు ఎత్తు దానికి సరిపోదు. ఇక మిగిలింది, ఎలాగోలా న్యూట్రల్ చేసి నలుగురూ చెయ్యి వేసి తోయడమే.

సలహాలు మొదలయ్యేది కూడా అక్కడే. "న్యూట్రల్ చేయండి సార్, తోసేద్దాం" అంటాడు వాచ్‌మన్. "అది ఆటోమేటిక్ అన్నా, బ్యాటరీ లేకపోతే లివరే కదలదు" అంటాడు పక్క ఫ్లాట్ కుర్రాడు. "మా కారులో లివర్ పక్కన చిన్న మూత ఉంది, అందులో తాళం చెవి గుచ్చితే వచ్చేసింది" అంటాడు మూడో అంతస్తు ఆయన. "మాకు లివర్ హాయిగా కదిలింది, బండే కదల్లేదు" అంటారు ఇంకొకరు. నలుగురూ చెప్పింది నిజమే. నాలుగూ వేర్వేరు కార్ల గురించి చెప్పిన నిజాలు. తన కారులో పనిచేసిన చిట్కాను పక్కవాడి కారు మీద బలంగా ప్రయోగిస్తేనే లివర్లు విరుగుతాయి, గేర్‌బాక్సులు పాడవుతాయి.

న్యూట్రల్‌లో లోపల ఏం జరుగుతుంది

ఇంజన్‌లో పుట్టిన తిప్పుడు బలం గేర్‌బాక్స్ గుండా చక్రాలకు చేరుతుంది. గేర్ పడి ఉన్నంతసేపూ ఇంజన్, చక్రాలు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. ఆ కట్టు విడిపోయిన స్థితే న్యూట్రల్. అప్పుడు చక్రాలు తిరిగినా ఇంజన్‌కు పట్టదు.

మన చేతిలో ఉన్న లివర్ ఈ పని స్వయంగా చేయదు. మనం ఏం కోరుకుంటున్నామో గేర్‌బాక్స్‌కు చేరవేస్తుంది, అంతే. ఆ కబురు వెళ్లే దారి కొన్ని కార్లలో ఇనుప తీగ, అంటే కేబుల్, లేదా రాడ్. కొన్నిట్లో కరెంటు వైరు. మొదటి రకానికి బ్యాటరీతో పనిలేదు. రెండో రకంలో బ్యాటరీ లేకపోతే కబురే వెళ్లదు.

దీనికి తోడు కారు కదలకుండా పట్టుకునే తాళాలు నాలుగున్నాయి. గేర్‌బాక్స్ లోపల పార్కింగ్ కొక్కెం, లివర్‌ను 'పి'లో, అంటే పార్కింగ్ స్థానంలో, బిగించే లాక్, స్టీరింగ్ లాక్, పార్కింగ్ బ్రేక్. ఇవి దేనికవే. ఒకటి తెరిచినంత మాత్రాన ఇంకొకటి తెరుచుకోదు. అన్నీ అన్ని కార్లలో ఉండవు కూడా. బేస్‌మెంట్‌లో వాదన తేలకపోవడానికి చాలాసార్లు కారణం, ఏ తాళం పట్టుకుందో చూడకుండా అందరూ 'న్యూట్రల్' అనే ఒక్క మాట మీద నిలబడడం.

బ్యాటరీ పోయిందంటే, ఎంత పోయింది?

కారు బ్యాటరీ లోపల ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి నిండుగా ఉన్న బ్యాటరీ మల్టీమీటర్ మీద 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. అది 12 దగ్గరికి దిగిందంటే సగం తగ్గినట్టు కాదు, దాదాపు ఖాళీ అయినట్టు.

ఊరెళ్లిన పదిహేను ఇరవై రోజుల్లో ఇది ఎలా ఖాళీ అవుతుందో ఒక లెక్కతో చూద్దాం. చిన్న పెట్రోల్ కారులో 35 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగల) బ్యాటరీ ఉందనుకుందాం. తాళం వేసి ఉన్నా అలారం, గడియారం, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవర్ కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 25 మిల్లీఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.6 ఆంపియర్-అవర్. ఇరవై రోజులకు 12. కొత్త బ్యాటరీలో ఇంకా 23 మిగులుతాయి కాబట్టి బండి స్టార్ట్ అవుతుంది. అదే బ్యాటరీ పాతబడి, నిండా ఛార్జ్ చేసినా 20 మాత్రమే పట్టే స్థితిలో ఉంటే 8 మిగులుతాయి. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ కుప్పకూలుతుంది. ఇక పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ ఒకటి 3 వాట్లు తీసుకుంటోందనుకోండి. అది పావు ఆంపియర్, రోజుకు 6 ఆంపియర్-అవర్. కొత్త బ్యాటరీ కూడా ఆరు రోజులు నిలవదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు వంద ఆంపియర్లకు పైనే కావాలి. 'పి' లాక్‌ను తెరిచే చిన్న విద్యుదయస్కాంతానికి ఒక ఆంపియర్ అటూ ఇటూగా చాలు. రెండిటి మధ్య తేడా వంద రెట్లు. అందుకే సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మంటున్నా, డ్యాష్‌బోర్డు దీపాలు వెలుగుతున్న కారులో బ్రేక్ తొక్కి లివర్ లాగితే మామూలుగానే వచ్చేస్తుంది. దీపాలు కూడా వెలగని కారులో రాదు. ఇద్దరూ "బ్యాటరీ డెడ్" అనే అంటారు. ఒకరికి లివర్ వచ్చింది, ఇంకొకరికి రాలేదు.

ఇక్కడే ఇంకో గందరగోళం. రిమోట్ తాళంలో ఉండే నాణెమంత బ్యాటరీ వేరు, కారు బ్యాటరీ వేరు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే బండి స్టార్ట్ అవుతుందనే చిట్కా రిమోట్ బ్యాటరీ అయిపోయినప్పటిది. కారు బ్యాటరీ పడిపోయినప్పుడు ఎంతసేపు ఆనించినా ఉపయోగం లేదు. తలుపు తెరవడానికి మాత్రం ఆ రిమోట్ పనికొస్తుంది. చాలా రిమోట్ల లోపల ఒక ఇనుప చెవి దాగి ఉంటుంది, దాని రంధ్రం డ్రైవర్ తలుపు హ్యాండిల్ మూత కింద ఉంటుంది.

మాన్యువల్ బండి: బ్యాటరీతో సంబంధమే లేదు

మూడు పెడళ్ల కారులో గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్స్ దాకా కేబుళ్లో, రాడ్లో ఉంటాయి. క్లచ్ కేబుల్ మీదో, ఆయిల్ ఒత్తిడి మీదో నడుస్తుంది. వీటిలో దేనికీ కరెంటు అక్కర్లేదు. బ్యాటరీని పీకి పక్కన పెట్టినా న్యూట్రల్ వస్తుంది. హ్యాండ్ బ్రేక్ దించితే బండి కదులుతుంది. తోసి, రెండో గేర్‌లో క్లచ్ వదిలి స్టార్ట్ చేసే పద్ధతి కూడా ఈ రకానికే చెల్లుతుంది.

బైకులూ ఈ కోవలోవే. కాలితో వేసే గేర్ పూర్తిగా ఇనుము పని. బ్యాటరీ లేకపోతే పచ్చ న్యూట్రల్ దీపం వెలగదు, అంతే. బండిని ముందుకీ వెనక్కీ కదిపి చూస్తే న్యూట్రల్ పడిందో లేదో తెలిసిపోతుంది. పెట్రోల్ స్కూటర్‌లో ఇంజన్ వేగం పెరిగితేనే క్లచ్ పట్టుకుంటుంది కాబట్టి, ఆగి ఉన్న స్కూటర్ ఎప్పుడూ న్యూట్రల్‌లో ఉన్నట్టే.

'పి' ఉన్న ఆటోమేటిక్: రెండు తాళాలు, ఒక చిన్న మూత

టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అనే మూడు రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు లోపల చాలా వేరుగా ఉంటాయి. కానీ లివర్ మీద 'పి' అక్షరం ఉండి, ఆ లివర్‌ను కేబుల్ గేర్‌బాక్స్‌కు కలుపుతున్నంత వరకు మన ప్రశ్నకు మూడిటి జవాబూ ఇంచుమించు ఒకటే.

'పి'లో పెట్టగానే గేర్‌బాక్స్ లోపల చక్రాలకు వెళ్లే ఇరుసు మీదున్న పళ్ల చక్రంలో ఒక ఉక్కు కొక్కెం పడుతుంది. దాంతో చక్రాలు బిగుసుకుంటాయి. ఈ కొక్కెం పడడానికీ లేవడానికీ కరెంటు అవసరం లేదు, కేబుల్ లాగితే చాలు. మరి లివర్ ఎందుకు రాదు? పైన, లివర్ దగ్గరే, ఇంకో లాక్ ఉంది కాబట్టి. బ్రేక్ పెడల్ తొక్కితే బ్రేక్ లైట్ స్విచ్ నుంచి సంకేతం వెళ్లి, ఒక చిన్న విద్యుదయస్కాంతం పనిచేసి లివర్‌ను వదులుతుంది. కరెంటు లేకపోతే అది వదలదు.

ఈ లాక్ ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని మీద కోపం కొంత తగ్గుతుంది. 1980ల మధ్యలో అమెరికాలో ఆడి 5000 కార్లు డ్రైవర్ ప్రమేయం లేకుండా దూసుకుపోతున్నాయని పెద్ద గగ్గోలు లేచింది. 1989లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ నివేదిక, చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని తేల్చింది. ఆ గొడవ నడుస్తుండగానే ఆడి, బ్రేక్ మీద కాలు లేనిదే లివర్ 'పి' నుంచి రాకుండా ఈ ఏర్పాటు చేసింది. మిగతా కంపెనీలు అనుసరించాయి. ఆగి ఉన్న కారులో ఆడుకుంటూ పిల్లలు లివర్ లాగడం వల్ల జరిగిన ప్రమాదాల నేపథ్యంలో, 2010 సెప్టెంబర్ నుంచి అమెరికాలో అమ్మే ఆటోమేటిక్ కార్లకు ఇది తప్పనిసరి అయింది.

కరెంటు పోయిన రోజు కోసం తయారీదార్లు ఒక దొడ్డిదారి పెట్టారు. చాలా కార్లలో లివర్ పక్కన గోటితో లేపగలిగే చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాని కింది రంధ్రంలో తాళం చెవినో, స్క్రూడ్రైవర్‌నో గుచ్చి నొక్కి పట్టుకుంటే విద్యుదయస్కాంతం చేయాల్సిన పని చెయ్యి చేసినట్టవుతుంది. లివర్ 'ఎన్'కు, అంటే న్యూట్రల్‌కు, జరుగుతుంది. కొన్ని కార్లలో ఇది మూత లేని బటన్. మరికొన్నిట్లో లివర్ చుట్టూ ఉన్న తోలు తొడుగు విప్పితే గానీ కనపడదు. ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపిస్తారు.

మూడో అంతస్తు ఆయనకు పనిచేసింది ఇదే. అదే ఆయన కారు ర్యాంప్ మీద ఆగి ఉంటే ఇంత సులువుగా వచ్చేది కాదు. వాలులో హ్యాండ్ బ్రేక్ సరిగా లాగకుండా 'పి' వేస్తే, కారు బరువంతా ఆ ఉక్కు కొక్కెం మీదే వాలి ఉంటుంది. పళ్ల మధ్య నొక్కుకుపోయిన కొక్కెం లేవదు. లివర్‌ను రెండు చేతులా పీకడం కన్నా, ఇద్దరు కలిసి కారును కాస్త ఎగువకు తోస్తే దాని మీద భారం తగ్గి తేలిగ్గా వదులుతుంది. వదిలిన క్షణంలో బండి కిందికి జారడానికి సిద్ధంగా ఉంటుందన్నది కూడా అంతే నిజం.

బ్యాటరీ బాగానే ఉండి, ఇంజన్ స్టార్ట్ అయి కూడా లివర్ 'పి'లో ఇరుక్కునే సందర్భం ఒకటుంది. బ్రేక్ లైట్ స్విచ్చో, ఫ్యూజో పోతే లాక్‌కు సంకేతం అందదు. వెనక నిలబడి చూస్తే తెలుస్తుంది. బ్రేక్ తొక్కినా ఎర్ర దీపాలు వెలగవు. అప్పుడు బ్యాటరీ మార్చడం దండగ.

ఏఎంటీ: లివర్ కదులుతుంది, గేర్ కదలదు

మన దేశంలో ఎక్కువ అపోహలున్నది దీని మీదే. 2014లో మారుతి సెలేరియోతో మొదలై, తక్కువ ఖరీదు కార్లలో ఆటోమేటిక్ సౌకర్యాన్ని అందుబాటులోకి తెచ్చింది ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. దీని లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలికీ, గేర్ వేసే చేతికీ బదులు కరెంటుతో నడిచే పరికరాలు ఆ పని చేస్తాయి. మనం కదిపే లివర్ కింద కేబుల్ లేదు, స్విచ్‌లే ఉన్నాయి. కరెంటు లేనప్పుడు కాలింగ్ బెల్ నొక్కితే ఎలా మోగదో, బ్యాటరీ లేనప్పుడు ఈ లివర్‌ను 'ఎన్'లో పెడితే అలాగే లోపల ఏమీ జరగదు.

ఇందులో సాధారణంగా 'పి' ఉండదు. 'ఆర్' (రివర్స్), 'ఎన్', 'డి' (డ్రైవ్) ఉంటాయి. కాబట్టి పార్కింగ్ కొక్కెం సమస్య లేదు. కానీ ఇంజన్ ఆపినప్పుడు ఏ గేర్ పడి ఉందో అదే పడి ఉంటుంది. 'డి'లో ఉండగా ఆపితే మొదటి గేర్. కరెంటు లేని స్థితిలో క్లచ్ పట్టుకునే ఉంటుంది కాబట్టి చక్రాలు ఇంజన్‌కు బిగుసుకుంటాయి. లివర్ 'ఎన్'లో కనిపిస్తున్నా బండి అంగుళం జరగకపోవడానికి కారణం ఇదే. మొదటి గేర్‌లో ఉన్న మాన్యువల్ బండిని క్లచ్ తొక్కకుండా తోస్తే ఎంత బరువుంటుందో ఇదీ అంతే.

అదే 'ఎన్'లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, తర్వాత ఇంజన్ ఆపి ఊరెళ్లిన ఏఎంటీ కారు విషయం వేరు. ఇరవై రోజుల తర్వాత బ్యాటరీ పూర్తిగా చచ్చినా లోపల న్యూట్రల్ న్యూట్రల్‌గానే ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ దించితే కదులుతుంది. ఒకే భవనంలో ఒకే కారున్న ఇద్దరికి వేర్వేరు అనుభవాలు కావడానికి ఊరెళ్లేటప్పటి ఈ అలవాటే కారణం. అయితే వాలు మీద నిలిపే కారుకు గేర్‌లో వదలడమే క్షేమం, ఎందుకంటే హ్యాండ్ బ్రేక్ ఒక్కదాని మీద అంత బరువు వదిలేయడం మంచిది కాదు. సమతలంగా ఉన్న బేస్‌మెంట్‌కు ఒక పద్ధతి, ర్యాంప్ వారకు ఇంకో పద్ధతి అన్నమాట.

గేర్‌లో ఉండిపోయిన ఏఎంటీకి తాళం చెవి గుచ్చే మూత ఉండదు. కరెంటు ఇవ్వాల్సిందే. జంపర్ కేబుళ్లతోనో, చేతిలో ఇమిడే జంప్ స్టార్టర్‌తోనో కరెంటు అందాక ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి 'ఎన్'కు మారిస్తే లోపల పరికరాలు కదులుతాయి. అప్పుడు నమ్మాల్సింది లివర్‌ను కాదు, డ్యాష్‌బోర్డు మీద కనపడే అక్షరాన్ని. అక్కడ 'ఎన్' నిలకడగా వెలిగితేనే గేర్ వదిలినట్టు. ఏఎంటీని తోసి స్టార్ట్ చేయడం కుదురుతుందని కొందరు నమ్ముతారు. క్లచ్‌ను నడిపేదీ కరెంటే కాబట్టి బ్యాటరీ లేనప్పుడు అది అయ్యే పని కాదు. టార్క్ కన్వర్టర్‌దీ అదే పరిస్థితి, కారణం మాత్రం వేరు. దాని లోపల ఆయిల్ ఒత్తిడిని పుట్టించే పంపును తిప్పేది ఇంజనే. ఇంజన్ తిరగనిదే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేనిదే గేర్ పట్టదు.

బటన్ గేర్లు, ఎలక్ట్రిక్ కార్లు

ఖరీదైన కార్లలో, ఎలక్ట్రిక్ కార్లలో లివర్ పోయి బటనో, గుండ్రటి డయలో, స్టీరింగ్ పక్కన చిన్న పుల్లో వచ్చింది. వీటన్నిట్లో కబురు వైరు మీదే వెళ్తుంది. పైగా ఇంజన్ ఆపగానే, మనం మరిచిపోయినా, కారే 'పి'లోకి వెళ్లిపోతుంది. ఒక ఎలక్ట్రిక్ మోటారు కొక్కేన్ని వేస్తుంది, మళ్లీ అదే తీస్తుంది. బ్యాటరీ పోతే తీసే దిక్కు లేదు.

కొందరు తయారీదార్లు ఇక్కడ కూడా దొడ్డిదారి పెట్టారు. జీప్ సంస్థ తయారుచేసిన కొన్ని మోడళ్లలో సెంటర్ కన్సోల్ దగ్గర మూత కింద ఒక పట్టీ ఉంటుంది. దాన్ని లాగితే కొక్కెం లేస్తుంది. కొన్ని కార్లలో ఆ మార్గం కారు కిందికి దూరితే గానీ అందదు. కొన్నిట్లో అసలు లేదు, 12 వోల్టులు అందించడం ఒక్కటే దారి. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ తలుపు కరెంటుతో తెరుచుకునేదైతే చిక్కు ముదురుతుంది. అలాంటి కార్లలో చాలావాటికి బానెట్ కింద జంపర్ తగిలించడానికి విడిగా టెర్మినళ్లు ఇస్తారు.

ఎలక్ట్రిక్ కారు యజమానులకు ఇది మరింత వింతగా తోస్తుంది. కింద పెద్ద బ్యాటరీలో 80 శాతం ఛార్జ్ ఉంది, అయినా తలుపు తెరుచుకోదు. కారణం, తలుపులు, కంప్యూటర్లు, 'పి' మోటారు నడిచేది పెట్రోల్ కారులో ఉన్నలాంటి చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. పెద్ద బ్యాటరీని బండికి కలిపే భారీ స్విచ్‌లు మూసుకోవడానికి కూడా ఆ చిన్న బ్యాటరీ కరెంటే కావాలి. అది పోతే పెద్దది ఎంత నిండుగా ఉన్నా విడిగానే ఉండిపోతుంది. మంచి కబురేమిటంటే, ఇంజన్ తిప్పే పని లేదు కాబట్టి ఎలక్ట్రిక్ కారును 'మేలుకొల్పడానికి' కావాల్సిన కరెంటు తక్కువే.

జంప్ స్టార్టర్ల గురించి ఒక మాట. వీటిలో చాలావాటికి రక్షణ కోసం ఒక తెలివి ఉంటుంది. అవతల బ్యాటరీ ఉన్నట్టు పసిగడితేనే కరెంటు వదులుతాయి. కారు బ్యాటరీ మరీ అడుగంటితే అక్కడ బ్యాటరీ లేదనుకుని ఊరుకుంటాయి. పెట్టె పాడైందని తిట్టుకుంటాం. ఈ స్థితి కోసమే కొన్నిట్లో బలవంతంగా కరెంటు వదిలే బటన్ విడిగా ఉంటుంది. అది నొక్కాక తప్పుడు తీగకు తప్పుడు క్లిప్పు తగిలిస్తే ఆపే రక్షణ ఉండదు. ఎరుపు ప్లస్‌కు, నలుపు మైనస్‌కు అన్నది అప్పుడు ప్రాణంతో సమానం.

న్యూట్రల్ వచ్చాక కూడా కదలని కారు

గేర్ వదిలింది, నలుగురూ తోస్తున్నారు, బండి మొరాయిస్తోంది. ఇక చూడాల్సింది పార్కింగ్ బ్రేక్. చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ అయితే దించితే సరి. స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేక్ అయితే వెనక చక్రాల దగ్గరున్న మోటార్లే దాన్ని బిగిస్తాయి, అవే వదులుతాయి. బ్యాటరీ లేకపోతే బిగిసినది బిగిసినట్టే. 'పి' లాక్‌ను మూత కింద రంధ్రంతో గెలిచినా ఇక్కడ ఓడిపోతాం. ఈ బ్రేక్ ఉన్న కార్లకు మూత చిట్కా కన్నా కరెంటు ఇవ్వడమే నేరుగా వెళ్లే దారి అని నేననేది అందుకే. ఒక్క జంప్ స్టార్టర్ నాలుగు తాళాలకూ ఒకేసారి సరిపోతుంది.

స్టీరింగ్‌ది ఇలాంటి కథే. చెవి తిప్పే కార్లలో చెవి పెట్టి తిప్పితే లాక్ ఊడుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు. బటన్ స్టార్ట్ కార్లలో కొన్నిటికి ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్ ఉంటుంది. అది పడి ఉన్నా, చక్రాలు తిన్నగా ఉంటే నేరుగా వెనక్కి తోయొచ్చు. స్తంభాల మధ్య మలుపు తిప్పాల్సి వస్తే కుదరదు.

తోసేటప్పుడు లోపల కూర్చునేవారికి తెలియాల్సింది ఇంకోటుంది. ఇంజన్ ఆగి ఉంటే బ్రేక్‌కు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేక్ పోలేదు, పనిచేస్తుంది, కానీ ఒంటి బలమంతా పెట్టి తొక్కాలి. స్టీరింగూ బరువెక్కుతుంది. సమతలం మీద ఇది పెద్ద సంగతి కాదు. ర్యాంప్ మీద టన్ను పైచిలుకు బరువున్న కారుకు, దాని వెనక నిలబడ్డ మనుషులకు ఇది చాలా పెద్ద సంగతి. బేస్‌మెంట్ ర్యాంప్ మీదికి మనుషులతో కారును తోయించడం ఏ పరిస్థితిలోనూ సరికాదని గట్టిగా చెబుతాను.

ఏదీ కుదరనప్పుడు మెకానిక్‌లు వాడేది డాలీలు. చక్రం కింద పెట్టే చిన్న చక్రాల పీటలవి. ముందు చక్రాలు తిప్పే ఏఎంటీ గేర్‌లో ఇరుక్కుంటే ముందు రెండిటి కింద చాలు. బ్రేక్ కూడా బిగిసి ఉంటే నాలుగిటి కిందా పెడతారు. అప్పుడు న్యూట్రల్ ప్రసక్తే లేదు.

పది అడుగులు తోయడం వేరు, రోడ్డు మీద లాక్కెళ్లడం వేరు. టార్క్ కన్వర్టర్ కారును న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టి అవుటర్ రింగ్ రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ లాగితే, ఇంజన్ తిరగదు కాబట్టి లోపలి భాగాలకు ఆయిల్ అందదు, అరుగుదల మొదలవుతుంది. ఎలక్ట్రిక్ కారులో చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. రెండిటికీ చక్రాలు నేలకు తగలకుండా ఎక్కించుకునే లారీయే శ్రేయస్కరం.

చేత్తో తెరిచే దారి ఉండాలా, వద్దా?

ఇంజనీర్ల మధ్య నిజంగానే వాదం ఉన్న చోటు ఇది. చేత్తో తెరిచే ఏర్పాటు వద్దనేవారి మాటలో బరువుంది. అలాంటి పట్టీ ఉందంటే దాన్ని వాలులో ఆగిన కారులో ఎవరైనా, పిల్లలైనా, లాగగలరు. దొంగకూ తోసుకుపోవడం సులువవుతుంది. దానంతట అదే 'పి'లోకి వెళ్లే కారు ప్రాణాలు కాపాడుతుందనడానికి వాళ్లు చూపే ఉదాహరణ 2016 నాటిది. ఆ ఏడాది ఫియట్ క్రైస్లర్ సుమారు 11 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి లివర్ ప్రతిసారీ మధ్యకు తిరిగొచ్చేది. దాంతో 'పి' పడిందనుకుని డ్రైవర్లు దిగిపోయేవారు, కారు జారిపోయేది. దిగగానే కారే 'పి' వేసుకుంటే అలా జరగదు.

ఉండాలనేవారి వాదం కూడా తేలిగ్గా తీసిపారేయలేనిది. బేస్‌మెంట్‌లో పక్క బండికి మంట అంటుకుంటే, బ్యాటరీ పడిపోయిన కారును జంపర్లు వెతికేలోగా పక్కకు జరపాలి. అంబులెన్స్ దారికి అడ్డంగా ఆగిపోయిన కారుదీ అదే అవసరం. ఇరుకు పార్కింగ్‌లున్న మన నగరాల్లో ఇది ఊహించి చెప్పే సందర్భం కాదు.

రెండిటి మధ్య ఒక దారి ఉంది. పనిముట్టు లేకుండా తెరవలేని మూత కింద, కారు లోపలే ఆ పట్టీ పెట్టడం, లాగి ఉన్నంతసేపూ అది కంటికి కొట్టొచ్చినట్టు కనపడేలా చేయడం. కొన్ని కంపెనీలు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. నాకు సబబుగా తోచేది ఇదే. కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి అడిగే ఓపికలో కొంత, బ్యాటరీ పోతే న్యూట్రల్ ఎలా వస్తుందని షోరూంలో అడగడానికి కూడా ఖర్చు చేయవచ్చు.

నీళ్లలో మునిగిన బండి

2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు వరద వచ్చినప్పుడు కాలనీల్లో, బేస్‌మెంట్లలో కార్లు మునిగాయి. అలాంటి కారుకు మాత్రం పైన చెప్పిన లెక్కలు తలకిందులవుతాయి. కరెంటు ఇస్తే అన్ని తాళాలూ తెరుచుకుంటాయన్న మాట పొడిగా ఉన్న కారుకే వర్తిస్తుంది. నీళ్లు చేరిన కనెక్టర్లలోకి, కంప్యూటర్లలోకి కరెంటు పంపితే షార్ట్ అయి, బాగుపడగలిగేవి కూడా కాలిపోతాయి. ఇంజన్ లోపలికి నీళ్లు వెళ్లి ఉంటే సెల్ఫ్ కొట్టడం దాన్ని విరగ్గొట్టుకోవడమే. మాన్యువల్ బండి న్యూట్రల్ ఇక్కడా మామూలుగానే వస్తుంది. 'పి' లివర్ కారుకు మూత కింద రంధ్రం ఇక్కడ నిజంగా ఆదుకుంటుంది. ఏఎంటీ గేర్‌లో ఉంటే, బటన్ గేర్ కారు అయితే, బ్యాటరీ మైనస్ తీగ విప్పేసి డాలీల మీద బయటికి తెప్పించడమే మిగిలిన మార్గం. ఎలక్ట్రిక్ కారు అయితే ఆ తీగ జోలికి కూడా పోకుండా సర్వీస్ సెంటర్ మనుషులు వచ్చేదాకా దూరంగా ఉండాలి.